కుక్కగొడుగుల మేడమ్

నేను చేసిన ఉద్యోగానికి ప్రభుత్వ కాగితాల్లో ఉన్న పేరు మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో మాత్రం నన్ను కుక్కగొడుగుల మేడమ్ అనేవాళ్ళు. మొదట్లో ఆ పిలుపు వింటే కొంచెం చిన్నతనంగా ఉండేది. తర్వాత తర్వాత అదే నిజమని ఒప్పుకున్నాను. జీతం వచ్చింది పంటల తెగుళ్ళు చూసినందుకు. మనసు పెట్టి చేసింది మాత్రం శిలీంధ్రాల సేకరణ. ఆకు అడుగున, చెట్టు బెరడు మీద, పేడకుప్పల మీద, ఎండిన కొమ్మల మీద బతికే బూజులనూ గొడుగులనూ ఏరి, ఆరబెట్టి, పేరు కనుక్కొని దాచడం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీ రోజుల్లో ఎట్లా ఉండేది మేడమ్ అని అడుగుతారు. పదోన్నతులు, బదిలీలు, ఆడిట్ల సంగతి వాళ్ళకు ఎట్లాగూ అనుభవంలోకి వస్తుంది. అవి వదిలేసి, నాకు పని నేర్పిన ఒక అధికారి గురించి, ఒక తోట గురించి, ఒక ఆసుపత్రిలో గడిచిన పూట గురించి, ఆ తర్వాత జరిగిన దాని గురించి రాస్తాను.

అంగడోళ్ళ పిల్ల

మా నాయనకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉండేది. మా ఇంట్లో బూజు అంటే దులిపి పారేయవలసిన వస్తువు. వానాకాలంలో చీరల మూటలకు తేమ తగిలి నల్లమచ్చలు పడితే ఆ రోజు నాయనకు అన్నం సయించేది కాదు. అటువంటి ఇంట్లో నేను బూజుల మీద పైచదువు చదువుతానన్నాను.

"అంగడోళ్ళ పిల్లకు బూజు చదువేందిమ్మా? దులిపేదానికి గూడా చదువు కావల్నా?" అన్నాడు నాయన.

"దులిపితే మళ్ళా వస్తాది నాయనా. యాన్నుంచి వస్తాందో తెలుసుకోవల్ల" అన్నాను.

ఆయన అంగట్లోని అరలవైపు చూశాడు. "సరే. మన చీరల మీదికి వచ్చేదాని సంగతి ముందు కనుక్కో" అన్నాడు. ఇంట్లో నాకు దొరికిన అనుమతి అదే. ఆ నల్లమచ్చల బూజు ఏదో తర్వాత కనుక్కున్నాను. అరలు గోడకు జానెడు ఎడంగా జరిపించి, గాలి ఆడేట్టు చేస్తే చాలా వరకు తగ్గిపోయింది. నాయన దృష్టిలో నా చదువుకు అంతకు మించిన ప్రయోజనం ఏనాడూ లేదు.

మూర్తిగారు

నా మొదటి అధికారి పేరు మూర్తిగారు. కృష్ణా జిల్లా మనిషి. మా ఎండలకు ముఖం ఎప్పుడూ కందిపోయి ఉండేది. మెడలో దారానికి భూతద్దం, జేబులో చిన్న కత్తి, చంకలో పాత పత్రికలు. జీపులో పోతూ పోతూ ఉన్నట్టుండి "ఆపవయ్యా" అని దిగి ముళ్ళపొదల్లోకి వెళ్ళిపోయేవారు. డ్రైవర్ మస్తాన్ ఇంజను ఆపి నా వైపు తిరిగేవాడు.

"సార్ మళ్ళా దిగినాడు మేడమ్. యాడో ఆకుకు జరమొచ్చినట్లుంది."

మూర్తిగారు నాకు సూక్ష్మదర్శిని కంటే ముందు పొట్లం మడవడం నేర్పించారు. ఆకును పత్రికల మధ్య అదిమి, తేమంతా పోయాక కాగితంలో మడిచి, మీద ఏ ఊరు, ఏ మొక్క, ఎప్పుడు, ఎవరు ఏరారు అన్నది రాయాలి. శిలీంధ్రం పేరు తెలిస్తేనే రాయాలి. ఒకసారి నేను ఊహించి ఒక పేరు రాయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఖాళీగా వదిలెయ్యమ్మా. ఖాళీ ఉంటే రేపెవరో నింపుతారు. తప్పు రాశావంటే దాన్ని నమ్మి ఇంకొకరు ఇంకో తప్పు చేస్తారు."

ఆయన మంచి గురువు. మంచి అధికారి కారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని పిల్లలు తొందరగా తెలుసుకుంటే బాధలు తగ్గుతాయి. సెలవు అడిగితే విసుక్కునేవారు. రైతు రెండోసారి ఏదైనా అడిగితే గొంతు పెంచేవారు. కింది ఉద్యోగుల పిల్లల పేర్లు ఒక్కటీ తెలియవు కానీ, పెన్న ఒడ్డున ఏ తుమ్మకు ఏ కుంకుమ తెగులు వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

జమ్మలమడుగు దారిలో రోడ్డు పొడుగునా వయ్యారిభామ మొక్కలు పెరిగేవి. ఒక వానాకాలం వాటి ఆకుల అడుగున ఆయనకు ఒక మచ్చ కనిపించింది. అప్పటిదాకా ఎవరూ పేరు పెట్టని శిలీంధ్రమని ఆయనకు గట్టి నమ్మకం కలిగింది. నెలల తరబడి బొమ్మలు గీశారు, కొలతలు తీశారు. పెన్న పేరు కలిసివచ్చేట్టు లాటిన్‌లో ఒక పేరు కూడా కట్టి పెట్టుకున్నారు. పొట్లాన్ని ఇట్లాంటి నమూనాలు దాచే విదేశంలోని పెద్ద భాండాగారానికి పంపించారు. జవాబు వచ్చింది. ఇది పాతదే, చాలా కాలం కిందట అమెరికాలో ఒక సేకర్త ఏరి పేరు పెట్టాడని వాళ్ళు తేల్చారు.

ఆ వారమంతా మూర్తిగారు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నేనూ మస్తానూ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి చప్పుడు చేయకుండా వచ్చేసేవాళ్ళం. తర్వాత ఎక్కడి నుంచో ఆ అమెరికా ఆయన జీవితం గురించి నాలుగు పుటలు తెప్పించుకొని చదివారు. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"బడిపంతులట అమ్మా. బూజులు చూడమని ఆయనకు ఎవరూ జీతం ఇవ్వలేదు. బడి అయ్యాక ఊరి బయట చిత్తడి నేలల్లో తిరిగేవాడట. తెచ్చినవన్నీ వాళ్ళావిడ ఆరబెట్టి మడిచేదట. చుట్టుపక్కలవాళ్ళు పిచ్చోడనుకున్నారట."

"మీ మాదిరే సార్" అనేశాను.

ఆయన నవ్వారు. ఆయన నవ్వగా చూడడం నాకు అరుదు. "ఈ మొక్క ఆయన దేశం నుంచే కదా మనదాకా వచ్చింది. జబ్బును కూడా వెంట తెచ్చుకుంది. నాకంటే ముందు ఆయన చూశాడు. చూసినవాడు ఇంకొకడున్నాడని తెలిస్తే ఒకరకంగా బాగానే ఉందమ్మా" అన్నారు. అయినా ఆ లాటిన్ పేరు రాసిన కాగితాన్ని పారేయలేదు. బల్ల అద్దం కింద ఉంచుకున్నారు. ఆశ పోవడం, దిగులు పోవడం రెండూ ఒకేసారి జరగవు.

గంగిరెడ్డి తోట

పులివెందుల పక్కన గంగిరెడ్డి అనే రైతుకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. కాపుకు వచ్చిన చెట్లు ఒక పక్క నుంచి వరసగా పసుపెక్కి, ఆకు రాల్చి ఎండిపోతున్నాయి. ఆయన అప్పటికే మందుల అంగళ్ళన్నీ తిరిగి దొరికిన మందల్లా కొట్టాడు. మా పరిశోధన కేంద్రానికి సంచి నిండా ఆకులు తెచ్చి బల్ల మీద పోశాడు.

"మందు రాయండి సార్. ఏదైనా రాయండి" అన్నాడు.

మూర్తిగారు ఆ ఆకుల్ని ముట్టుకోలేదు. "చెట్టు దగ్గర చూడందే ఒక్క ముక్క రాయను" అన్నారు. గంగిరెడ్డికి కోపం వచ్చింది. మేము మాత్రం మరుసటి రోజు వెళ్ళాం.

తోట చూస్తే ముచ్చటగా ఉంది. ఒక్కో చెట్టు మొదలు చుట్టూ ఎర్రమన్ను గుండ్రంగా, ఎత్తుగా ఎగదోసి ఉంది. నీళ్ళు మొదట్లోనే నిలిచేట్టు పాదులు కట్టారు. మూర్తిగారు మోకాళ్ళ మీద కూర్చొని ఆ మన్నును చేత్తో తవ్వడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను.

"ఏందప్పా ఇది. మందు రాయమంటే మన్ను తవ్వుతాండారు" అని గంగిరెడ్డి పక్కనున్న మనిషితో అన్నాడు.

మన్ను తీశాక మొదలు కనిపించింది. బెరడు మెత్తబడి, పగుళ్ళలో నుంచి తేనెరంగు బంక కారుతోంది. గోటితో గీరితే పుల్లటి కుళ్ళు వాసన. ఇది బంక తెగులు. కారణమైన జీవి నేలలో ఎప్పుడూ ఉండేదే. తడి మొదలుకు తగులుతూ ఉంటే అది బెరడులోకి దిగుతుంది. పైన ఎన్ని మందులు కొట్టినా ఆకు మీద పడతాయి తప్ప జబ్బు దగ్గరికి చేరవు.

"ఈ మన్ను ఎగదోయమని ఎవరు చెప్పినారు గంగిరెడ్డన్నా?" అని అడిగాను.

"ఎవురూ చెప్పలేదుమా. గాలికి చెట్లు పడిపోతాండాయని నేనే ఏపిస్తి. బలంగా ఉంటాయనుకుంటి." ఆయన గొంతు తగ్గిపోయింది.

ఆ మాట విని మూర్తిగారు అరుస్తారనుకున్నాను. ఆయన అరవలేదు. మన్ను చేతులు దులుపుకొని, "చెట్ల మీద ప్రేమతోనే చేశావయ్యా. ఇప్పుడు మన్ను తీసెయ్" అన్నారు. మన్ను తీయించాం, కుళ్ళిన బెరడు గీకించాం, మైలుతుత్తం సున్నం కలిపిన ముద్ద పూయించాం, నీళ్ళు మొదలుకు తగలకుండా దూరంగా పాదు కట్టించాం. బాగా చెడిపోయిన చెట్లు పోయాయి. మిగతా తోట నిలబడింది. తర్వాత సంవత్సరం గంగిరెడ్డి గంప నిండా కాయలు తెచ్చి, మా ఇద్దరితో పాటు మస్తాన్‌కూ పంచి వెళ్ళాడు.

ఇప్పుడు ఫోన్లో ఆకు ఫొటో పంపితే మందు పేరు వచ్చేస్తోంది. ఫొటో వద్దని నేను అనను. అందులో చెట్టు మొదలు కనపడదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

జమ్మలమడుగు ఆసుపత్రి

రాష్ట్రం విడిపోయిన తర్వాతి మాట ఇది. మూర్తిగారు ఎప్పుడో రిటైరై సొంత ఊరికి వెళ్ళిపోయారు. నాకు కూడా రిటైర్మెంటు దగ్గరపడింది. బాగా వానలు పడిన రోజులు. ఒక ఉదయం జమ్మలమడుగు ఆసుపత్రి నుంచి షాహీన్ అనే యువ డాక్టర్ ఫోన్ చేసింది.

"మేడమ్, ఒకే ఇంట్లోవాళ్ళు కుక్కగొడుగులు తిని వచ్చినారు. నిన్న మధ్యాహ్నం తిన్నారు, కాసేపటికే వాంతులు, విరేచనాలు. ఇప్పుడు అంతా తగ్గింది. ఇంటికి పోతామంటాండారు. ఒక్కసారి వచ్చి అవేవో చూసి చెప్తారా?"

వెళ్ళాను. చిన్నపరెడ్డి అనే రైతు, ఆయన భార్య రమణమ్మ, ఆయన తల్లి ఓబులమ్మ. చిన్నపరెడ్డి అప్పటికే చొక్కా వేసుకొని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. కూర తరిగాక పెంటకుప్పలో పారేస్తే బంధువులు ఏరి తెచ్చిన ముక్కలు ఒక కవర్లో ఉన్నాయి. పెద్ద తెల్లటి గొడుగు, అడుగున మడతలు ఆకుపచ్చగా మారుతున్నాయి. చూడగానే తెలిసిపోయింది. అది మనిషిని వాంతులతో అల్లాడిస్తుంది కానీ సాధారణంగా ప్రాణం తీయదు. తిన్న కాసేపటికే మొదలవుతుంది. అన్నీ సరిపోయాయి.

డాక్టర్‌కు ఆ మాట చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. డిశ్చార్జి రాయడానికి కూర్చుంది. నేను కూడా సంచి తీసుకున్నాను. అప్పుడు చివరి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్న ఓబులమ్మను చూశాను. ఏరింది ఎవరని అడిగాను.

"ఇంకెవురు, మాయమ్మే" అన్నాడు చిన్నపరెడ్డి. "ముసల్దానికి కండ్లు కనపడవు, కూర కావల్సొచ్చింది. అందర్నీ సంపుతాండె."

"నువ్వు పోయి మీయమ్మకు టెంకాయ నీళ్ళు పట్టుకురాప్పా" అని అతన్ని బయటికి పంపించాను. ఓబులమ్మ పక్కన మంచం మీద కూర్చున్నాను.

"అన్నీ ఇట్లాంటివేనా అవ్వా?" అని ముక్క చూపించాను.

"అన్నీ అయ్యేమా" అంది గోడవైపే చూస్తూ.

ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది. ఏం ఏరావని మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతుందని అనిపించింది. అందుకని, నిన్న పొద్దున ఇంట్లో నుంచి ఏ దారిన పోయావో చెప్పమన్నాను. ఆమె మెల్లగా చెప్పింది. దొడ్డి దాటి, శనగచేను గట్టు మీదుగా, పేడకుప్పల దగ్గర పెద్దవి దొరికాయి. అక్కడి నుంచి రాళ్ళగోడ వారన చింతచెట్టు కిందికి.

"చింతచెట్టు కిందికి ఏంటికి పోయినావవ్వా?"

ఆమె దుప్పటి అంచును వేళ్ళతో మడవసాగింది. 

"నా కొడుకు సంగట్లోకి కూర శానా తింటాడుమా. చాలవేమో అనుకుంటి. ఆడ సన్నసన్నవి ఉండె. నాలుగు తుంచి ఏస్తి." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వానికి చెప్పగాకమ్మా. ఇప్పటికే నా మొగం సూల్లేదు."

"నిన్ను తిట్టేదానికి అడగలేదవ్వా. ఎట్లుండె అవి?"

"ఎర్రమన్ను చల్లినట్లు ఉండె తలకాయ మీద."

 డాక్టర్‌తో ఆ రాత ఆపమని చెప్పి, ఇంకా మా జీపే నడుపుతున్న మస్తాన్‌తో వాళ్ళ ఊరికి వెళ్ళాను. చింతచెట్టు కింద ఇంకా ఉన్నాయి. వేలెడంత ఎత్తు, తల మీద ఇటుకరంగు పొలుసులు, తెల్లటి మడతలు. మా జిల్లాలో ఆ జాతివాటిని మూర్తిగారూ నేనూ అంతకుముందు ఏరి ఉన్నాం. అప్పుడు వాటితో ఎవరికీ పనిలేదు. ఆ జాతి గొడుగుల్లో కొన్నింటికి కాలేయాన్ని తినేసే విషం ఉంటుందని మాత్రం చదువుకున్నాం. ఈ విషం నిదానంగా పనిచేస్తుంది. మొదట ఏమీ తెలియదు, తర్వాత వాంతులు, ఆ తర్వాత ఒకరోజు అంతా బాగయినట్టు ఉంటుంది. లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. పెద్ద గొడుగు తెచ్చిన వాంతుల వెనక ఈ చిన్నది దాక్కొంది.

అవి అవేనని నూటికి నూరుపాళ్ళు అక్కడ నిలబడి చెప్పలేను. నాకు తెలిసినంతవరకు తెలుసని, తెలియనిది తెలియదని ఫోన్లో డాక్టర్‌కు చెప్పాను.

"అనుమానం ఉంటే చాలు మేడమ్, నేను తిరుపతికి పంపించేస్తా" అంది షాహీన్. చిన్నదైనా గట్టి మనిషి.

నేను తిరిగి వచ్చేసరికి ఆసుపత్రి వాకిట్లో చిన్నపరెడ్డి వాదిస్తున్నాడు. "నేను నడుచ్చాండా, మాట్లాడతాండా. నాకేమైంది మేడమ్? చేను ఇడ్సిపెట్టి తిరుపతికి ఏంటికి పోవల్ల?"

"నేను చెప్పింది తప్పయితే నాలుగు రోజులు పని చెడుతుంది. నన్ను తిట్టుకో. ఒప్పయితే ఈడ నీకు చేయగలిగేదేమీ లేదప్పా" అన్నాను. తల్లి మాట మాత్రం ఎత్తలేదు. చిన్న గొడుగులు కూడా కూరలో పడ్డాయి, వాటికి తేడా కనపడదు అని మాత్రం చెప్పాను. రమణమ్మ ఆయన చెయ్యి పట్టుకొని అంబులెన్సు ఎక్కించింది.

తిరుపతిలో చేసిన పరీక్షల్లో చిన్నపరెడ్డి కాలేయం దెబ్బతిన్నదని తేలింది. కూర ఎక్కువ తిన్నది ఆయనే. కళ్ళు పసుపెక్కాయి, కొన్నాళ్ళు మనుషుల్ని గుర్తుపట్టలేదు. రమణమ్మకు తక్కువగా సోకింది. ఓబులమ్మ అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిన్నది కాబట్టి దాదాపు తప్పించుకుంది. ఆ రోజుల్లో నాకు కూడా నిద్ర లేదు. చివరికి ముగ్గురూ ఇంటికి వచ్చారు.

పిల్లలకు చెప్పేది ఒకటే. ఆ రోజు నేను మొదట చెప్పిన పేరు తప్పు కాదు. కవర్లో ఉన్నదాని పేరు సరిగ్గానే చెప్పాను. కవర్లో లేనిదాని గురించి అడగడమే అసలు పని.

ఓబులమ్మ కూర

మరుసటి ఏడాది వానలకు ఆ ఊరికి వెళ్ళాను. అప్పటికి రిటైరయ్యాను. ఊళ్ళో కుక్కగొడుగులే కాదు, ఎన్నాళ్ళుగానో తింటున్న పుట్టగొడుగులు కూడా ముట్టుకోవడం మానేశారు. చిన్నపరెడ్డి కోలుకొని చేనికి పోతున్నాడు. ఆయనే తన తల్లి చింతచెట్టు కింద ఏరిన సంగతి ఆసుపత్రిలో తెలుసుకున్నాడట. ఆమెనే అడిగితే చెప్పిందట. ఏమీ అనలేదట. అది నాకు సంతోషమే. కానీ రమణమ్మ ఆ రోజు నుంచి అత్తను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఓబులమ్మ వసారాలో కూర్చొని కోడలు పెట్టింది తింటోంది. ఇంట్లో ఎవరూ ఆమె చేతి నీళ్ళు కూడా తాగడం లేదని పక్కింటామె నాతో చెప్పింది.

"తప్పు నాదేమా. నేనేం అనను" అంది ఓబులమ్మ.

మరుసటి పొద్దున ఆమెను చేలల్లోకి తీసుకుపోయాను. ఊరి ఆడవాళ్ళు నలుగురు వెంట వచ్చారు. పేడకుప్ప మీది పెద్దదాన్ని తిరగేసి ఆకుపచ్చటి మడతలు చూపించాను. చింతచెట్టు కిందివి చూపించాను. చెదలపుట్ట మీద మొలిచే అసలు పుట్టగొడుగును, నేలలోకి పొడుగ్గా దిగిన దాని వేరులాంటి కాడతో సహా తవ్వి చూపించాను. రవ్వంత అనుమానం వచ్చినా పారేయండి, ఆకలి కంటే విషం పెద్దది అన్నాను. కాసేపయ్యాక నేను మాట్లాడడం తగ్గిపోయి ఓబులమ్మ మాట్లాడడం మొదలైంది. ఏ పుట్ట ఏ వానకు మొలుస్తుందో ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

పుట్ట దగ్గర దొరికినవాటిని చాటలో పోసి నా ముందు పెట్టింది. ఒక్కొక్కటీ తిప్పి చూసి, భూతద్దంతో చూసి, అన్నీ అవేనని చెప్పాను.

"అయితే వండుదునామ్మా?" అని అడిగింది. అడిగింది నన్నే అయినా చూపు వాకిట్లో నిలబడ్డ కోడలి మీద ఉంది.

"వండవ్వా. నేను తింటాను" అన్నాను.

రమణమ్మ అడ్డం చెప్పలేదు. పొయ్యి వదిలి పక్కకు జరిగింది. ఓబులమ్మ వంట చేస్తున్నంతసేపూ చెంబుతో నీళ్ళు అందిస్తూ, ఏమేం వేస్తోందో చూస్తూ నిలబడింది. వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఓబులమ్మ నాకు కూర వడ్డించింది.  నేను తినడం మొదలుపెట్టాను. కారం ఎక్కువే వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగాలేదామ్మా?" అంది.

"బాగుందవ్వా. ఇంకొంచెం పెట్టు."

 చిన్నపరెడ్డి గడపలో కూర్చొని చూస్తున్నాడు. రమణమ్మ లోపలికి పోయి తన అన్నం తట్ట తెచ్చుకుంది. నా పక్కన నేల మీద కూర్చొని, అత్త వైపు తట్ట జరిపింది.

"నాక్కూడా రవ్వంత ఎయ్యత్తా" అంది.